పెడరెక్కలు విరిచి కట్టమని ఏ చట్టం చెప్పింది?

2025 మే ఆఖరి వారంలో తెనాలి వీడియో ఒకటి రాష్ట్రమంతా తిరిగింది. ఐతానగర్‌లో రోడ్డు మీద ముగ్గురు కుర్రాళ్ళను కూర్చోబెట్టారు. ఒక పోలీసు అధికారి బూటుకాలితో కాళ్ళు తొక్కిపట్టాడు. ఇంకొక అధికారి లాఠీతో అరికాళ్ళ మీద కొట్టాడు. పట్టపగలు, జనం చూస్తుండగా. జరిగింది ఏప్రిల్ నెలాఖరులో, లోకానికి తెలిసింది నెల తర్వాత. ముగ్గురిలో ఇద్దరు దళితులు, ఒకరు ముస్లిం. ఒక కానిస్టేబుల్ మీద దాడి చేశారన్నది పోలీసులు వాళ్ళ మీద మోపిన నేరం.

వీడియో వచ్చాక నడిచిన చర్చను గమనించండి. వాళ్ళ మీద పాత కేసులు ఎన్ని, గంజాయి సంగతేంటి, రౌడీషీటు ఉందా లేదా, వాళ్ళను పరామర్శించటానికి ఫలానా నాయకుడు ఎందుకొచ్చాడు - అంతా దీని చుట్టూనే తిరిగింది. కొట్టటం తప్పు అన్నవాళ్ళలో కూడా చాలామంది ముందుగా ఆ కుర్రాళ్ళు మంచివాళ్ళని రుజువు చెయ్యాలని చూశారు. అంటే చెడ్డవాడైతే కొట్టొచ్చు అన్నమాట ఇరుపక్షాలూ ఒప్పేసుకున్నట్టే. మేము ఈ వ్యాసంలో వాళ్ళ మంచిచెడ్డల జోలికి పోవటం లేదు. ఒక మనిషిని అరెస్టు చేసేటప్పుడు అతని ఒంటి మీద పోలీసుకు ఎంత అధికారం ఉంది, ఎక్కడిదాకా ఉంది, అది ఎవరి ఒంటి మీద ఎందుకు హద్దు దాటుతోంది - ఇంతవరకే మా పరిశీలన.

చట్టం కొలత ఒకటే

అరెస్టు ఎట్లా చెయ్యాలో 2024 జులై 1 దాకా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 46వ సెక్షన్ చెప్పేది. ఆ రోజు నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో అది 43వ సెక్షన్ అయింది. మనిషి మాటతోనో చేతతోనో లొంగిపోతే ఒంటి మీద చెయ్యి వెయ్యాల్సిన పని లేదు. లొంగకపోతే ఒళ్ళు ముట్టుకోవచ్చు, కదలకుండా పట్టుకోవచ్చు. బలవంతంగా ఎదురుతిరిగినా, తప్పించుకోవాలని చూసినా, అరెస్టుకు అవసరమైన మార్గాలన్నీ వాడొచ్చు. ఆడవాళ్ళ విషయంలో ఇంకా గట్టిగా ఉంది. అరెస్టని నోటితో చెప్తే చాలు, లొంగినట్టే లెక్క. పరిస్థితి వేరుగా ఉంటే తప్ప మగ పోలీసు ముట్టుకోకూడదు.

ఇవన్నీ పట్టుకునేదాకా. పట్టుకున్న తర్వాత ఏమిటన్నది ఇంకో చిన్న సెక్షన్ చెప్తుంది. పాత కోడ్‌లో 49, కొత్తదాంట్లో 46. ఒక్క వాక్యమే. అరెస్టయిన మనిషి పారిపోకుండా ఆపటానికి ఎంత అవసరమో అంతకుమించి అతన్ని కట్టడి చెయ్యకూడదు. చట్టం ఇచ్చిన కొలత ఇదొక్కటే. నేరం పెద్దదా చిన్నదా, పాత కేసులున్నాయా, కొట్టించుకున్న కానిస్టేబుల్‌కు ఎంత కోపం వచ్చింది - ఈ వాక్యంలో వీటికి చోటు లేదు. పారిపోతాడా, పారిపోడా? అంతే.

ఆ కొలతతో తెనాలి వీడియోను చూడండి. పారిపోయేవాడి కాళ్ళు పట్టుకుంటే అది అదుపు. నేల మీద కూర్చోబెట్టిన వాడి కాళ్ళను, దెబ్బ గురి తప్పకుండా తొక్కిపడితే అది అదుపు కాదు, శిక్షకు సౌకర్యం. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి. ఒకడు పట్టుకుంటాడు, ఒకడు కదలలేకపోతాడు. తేడా అంతా ఎందుకోసం పట్టుకున్నారన్నదాంట్లో ఉంది. శిక్ష వేసే పని కోర్టుది. ఆ పనిలో పోలీసుకు చట్టం వీసమెత్తు వాటా ఇవ్వలేదు.

ఇక్కడొక విషయం గుర్తు చెయ్యాలి. అరెస్టుకు కారణం చెప్పాలి, వకీలును కలవనివ్వాలి, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి అని చెప్పే రాజ్యాంగం 22వ అధికరణం ముందు అనుకున్న ముసాయిదాలో లేదు. ప్రాణానికీ స్వేచ్ఛకూ సంబంధించిన అధికరణంలో 'తగిన న్యాయ ప్రక్రియ' అన్న మాటను రాజ్యాంగసభ తీసేసింది. ఆ లోటును కొంతైనా పూడ్చటానికని అంబేద్కర్ 1949 సెప్టెంబరు 15న ఈ అధికరణాన్ని కొత్తగా ప్రతిపాదించాడు. విగ్రహాలకు దండలు వేసే ప్రభుత్వాలన్నీ ఏప్రిల్ 14న ఈ సంగతి చెప్పవు. కనీసం మనమైనా స్టేషను మెట్ల మీద చెప్పాలి.

కులం కొలత ఇంకొకటి

చట్టం కొలత ఒకటే అయితే లాఠీ కొలత ఎందుకు వేరుగా ఉంది? పోలీసులు చెడ్డవాళ్ళు గనక అంటే సరిపోదు. మన ప్రాంతంలో ఒంటిని కట్టడి చేసే అధికారానికి పుట్టుకలోనే కులం ఉంది.

గుంటూరు సీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో 1816 నాటి పదకొండో రెగ్యులేషన్ గ్రామాధికారికి చిన్నచిన్న తగాదాల్లో శిక్షించే అధికారం ఇచ్చింది. తిట్టుకున్నా, చెయ్యి చేసుకున్నా మామూలు మనిషైతే ఊరి చావడిలో కొన్ని గంటలు కూర్చోబెట్టాలి. అదే కింది కులం మనిషైతే బొండలో వెయ్యొచ్చు. బొండ అంటే ఏంటో ఇప్పటి విద్యార్థులకు తెలియకపోవచ్చు. రెండు దుంగల మధ్య తొలిచిన కంతల్లో కాళ్ళు ఇరికించి పైన బిగిస్తారు. మనిషి ఊళ్ళో అందరికీ కనపడేటట్టు అట్లా పడివుండాలి. అంత అవమానకరమైన శిక్ష వెయ్యటం ఎవరి విషయంలో అనుచితం కాదో ఆ రెగ్యులేషనే కులంతో గుర్తుపట్టింది. ఒకే తప్పుకు ఒకరికి చావడి, ఇంకొకరికి బొండ. తప్పును బట్టి కాదు, ఒంటిని బట్టి. ఐతానగర్ రోడ్డు మీద కాళ్ళు బారచాపి కూర్చున్న ఆ ముగ్గురిని చూసినప్పుడు మాకు వెంటనే తట్టింది ఇదే. చెయ్యి కదిలే వీలు లేకుండా కాళ్ళు పట్టేసి, ఊరందరికీ చూపించటం.

తెనాలి నుంచి మద్రాసు వైపు రైలెక్కితే చుండూరు, బాపట్ల దాటాక స్టూవర్టుపురం వస్తుంది. ఈ స్టేషను పేరు ఒక తెల్లదొర పేరు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తించింది. ఆ తర్వాత రెండు మూడేళ్ళలోనే ఎరుకల కుటుంబాలను తెచ్చి ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టారు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ. పేరు హెరాల్డ్ స్టూవర్టుది. ఆ చట్టం కింద పుట్టుకే నేరం. పేరు రిజిస్టరులో ఎక్కుతుంది, వేలిముద్రలు తీసుకుంటారు, హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. చేతికి బేడీ కనపడదు గానీ ఊరంతా ఒక బేడీ. మద్రాసు ప్రభుత్వం 1947లో ఆ చట్టాన్ని రద్దు చేసింది, దేశమంతటా రద్దయింది 1952లో. రద్దు చేసిన చేత్తోనే మద్రాసు 1948లో అలవాటు నేరస్థుల చట్టం తెచ్చింది. ఆంధ్రప్రదేశ్‌కు 1962లో సొంత అలవాటు నేరస్థుల చట్టం వచ్చింది. తెగ పేరు పోయి 'అలవాటు' అన్న మాట వచ్చింది. స్టేషను రికార్డులో ఉన్న మనుషులు మాత్రం వాళ్ళే. ఇక సినిమావాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. 1991లో ఆ ఊరి పేరు పెట్టి రెండు సినిమాలు, 2023లో ఆ ఊరి దొంగ మీద ఇంకోటి. హెమలతా లవణం, లవణం గార్లు అక్కడ ఏళ్ళ తరబడి చేసిన పని మీద ఎవరికీ సినిమా తియ్యబుద్ధి కాలేదు.

ఈ 'అలవాటు' అన్న మాట ఇప్పుడు నేరుగా అరెస్టు సెక్షన్‌లోకే వచ్చి కూర్చుంది. దాన్ని కాస్త వివరంగా చూడాలి.

బేడీల కథ

చేతికి బేడీలు వేసే విషయంలో సుప్రీంకోర్టు 1980లో ప్రేంశంకర్ శుక్లా కేసులో ఒక గొప్ప తీర్పు ఇచ్చింది. రాసింది జస్టిస్ కృష్ణయ్యర్. బేడీ వెయ్యటం ప్రాథమికంగా అమానుషం, ఇంక వేరే దారి లేనప్పుడే వెయ్యాలి, ఎందుకు వేశారో రాసిపెట్టాలి, మేజిస్ట్రేటుకు చూపించి అనుమతి తీసుకోవాలి అన్నది దాని సారం. మా చదువరులు తప్పక తెలుసుకోవాల్సిన ముక్క ఇంకొకటుంది దాంట్లో. అప్పట్లో పంజాబు పోలీసు నిబంధనలు ఖైదీల్లో 'మెరుగైన తరగతి' అని ఒకటి పెట్టి, వాళ్ళకు మామూలుగా బేడీలు వెయ్యనక్కర లేదన్నాయి. డబ్బు, చదువు, హోదా ఉన్నవాడు పారిపోడు, బీదవాడు పారిపోతాడు అనేది ఆ నిబంధన వెనకున్న తర్కం. కోర్టు ఆ తేడాను కొట్టేసింది. 1995లో అస్సాం కేసులో ఇంకా గట్టిగా చెప్పింది. మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా ఖైదీకి బేడీలు వెయ్యొద్దని.

అట్లా పద్నాలుగు, పదిహేనేళ్ళు కోర్టు కట్టుకుంటూ వచ్చిన గోడకు 2023లో పార్లమెంటు ఒక తలుపు పెట్టింది. కొత్త సంహిత 43వ సెక్షన్ మూడో ఉపసెక్షన్ బేడీలు వెయ్యొచ్చని రాసి, ఎవరికి వెయ్యొచ్చో జాబితా ఇచ్చింది. ఉగ్రవాదం, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, మాదకద్రవ్యాలు, అక్రమ ఆయుధాలు, దొంగనోట్లు వగైరా. ఈ జాబితా మొదట్లో ఉన్నది వీటిలో ఏదీ కాదు. 'అలవాటుగా లేదా మళ్ళీమళ్ళీ నేరం చేసేవాడు' అన్నది. కోడిని దొంగిలించినా సరే, అలవాటైతే బేడీలు. ఎన్నిసార్లయితే అలవాటు? శిక్షపడాలా, కేసు పెడితే చాలా? ఆ సెక్షన్ చెప్పదు. చెప్పనప్పుడు తేల్చేది స్టేషనులో ఉన్న ఎస్ఐ గారు. ఆయన తేల్చేది తన దగ్గరున్న షీటు చూసి.

షీటు ఎట్లా పుడుతుందో కొంచెం ఆలోచించండి. రౌడీషీటు శాసనసభ చేసిన చట్టం కింద తెరిచేది కాదు, పోలీసుల స్టాండింగ్ ఆర్డర్ల కింద తెరిచేది. పల్లెల్లో ఊరివాళ్ళకూ వాడవాళ్ళకూ గొడవయితే ఊరివాళ్ళ మీద ఒక కేసు, దానికి పోటీగా వాడ కుర్రాళ్ళ మీద ఒక కేసు పడటం మనందరికీ తెలిసిందే. అట్లాంటివి రెండు మూడయితే వాడ కుర్రాడు కాస్తా 'మళ్ళీమళ్ళీ నేరం చేసేవాడు' అవుతాడు. అంబేద్కర్ విగ్రహం దగ్గర ధర్నా కేసులు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. ఆత్మగౌరవం కోసం నిలబడ్డవాడికే షీటు తొందరగా నిండుతుంది.

ఈ ప్రమాదాన్ని సుప్రీంకోర్టు గమనించకపోలేదు. 2024 మే నెలలో అమానతుల్లా ఖాన్ కేసులో, వెనకబడిన కులాల, ఎస్సీ ఎస్టీల బీద మనుషుల పేర్లు యాంత్రికంగా హిస్టరీ షీట్లలోకి ఎక్కకుండా చూడాలంది. 2024 అక్టోబరు 3న సుకన్యా శాంత కేసులో జైళ్ళలో కులాన్ని బట్టి పని పంచటాన్ని కొట్టేస్తూ, ఒకప్పటి నేరస్థ తెగలవాళ్ళను ఇష్టం వచ్చినట్టు అరెస్టు చెయ్యకూడదని పోలీసులకు చెప్పింది. ఈ రెండు తీర్పులూ తెలుగులో నాలుగు పేజీల్లో అచ్చేసి స్టూవర్టుపురంలో, ఐతానగర్‌లో పంచితే బాగుంటుందని మా ఉద్దేశం.

పట్టుకోవాల్సిన చోట పట్టుకోని చేతులు

ఇంతదాకా అతిగా పట్టుకోవటం గురించే రాశాం. చుండూరు గురించి రాయకుండా ఈ ప్రాంతంలో పోలీసు చేతుల గురించి సగమే చెప్పినట్టవుతుంది.

తెనాలి నుంచి రైలు రెండుగా చీలుతుంది, ఒకటి బాపట్ల వైపు, ఒకటి రేపల్లె వైపు. బాపట్ల దారిలో కాసేపటికే చుండూరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది, చుండూరు బాపట్ల జిల్లాలో రేపల్లె డివిజన్ కిందికి పోయింది. మ్యాపు మారింది గానీ ఆ పేరు మోసే అర్థం మారలేదు. 1991 జులైలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ సాంఘిక బహిష్కరణ దాకా పోయింది. ఊళ్ళో 144 సెక్షన్ ఉంది, పోలీసులు మకాం వేసే ఉన్నారు. ఆగస్టు 6న ఆ పోలీసులే దళితవాడలోకి వచ్చి, పెద్ద కులాలవాళ్ళు వస్తున్నారు పారిపొండని మగవాళ్ళకు చెప్పారని వాడ మొత్తం చెప్పింది. హక్కుల సంఘాల నివేదికలూ అదే రాశాయి. పొలాలకు అడ్డంపడి పరిగెత్తినవాళ్ళను ట్రాక్టర్లతో, బరిసెలతో, గొడ్డళ్ళతో వెంటాడి ఎనిమిది మందిని చంపారు. కొన్ని శవాలను గోతాల్లో కుట్టి తుంగభద్ర కాలవలో పడేశారు.

ఆ రోజు చట్టప్రకారం ఎవరిని అదుపులోకి తీసుకోవాలి? 144 సెక్షన్ ఉండగా మారణాయుధాలతో గుంపుగా వచ్చినవాళ్ళని. పోలీసులకు అధికారం ఉంది, మనుషులున్నారు, లాఠీలున్నాయి. ఆ చేతులు ఆ ఒళ్ళను తాకలేదు. అదే సెప్టెంబరులో చుండూరులోనే పోలీసు కాల్పులు జరిగాయి. అప్పుడు చనిపోయింది మళ్ళీ దళిత యువకుడే. ప్రత్యేక కోర్టు ఆ ఊళ్ళోనే పెట్టి విచారించారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. దాని మీద అప్పీళ్ళు సుప్రీంకోర్టుకు వెళ్ళాయి.

1991లో దళితుడికి పోలీసు 'పరిగెత్తు' అన్నాడు. 2025లో కాళ్ళు తొక్కిపట్టాడు. ఈ రెంటికీ పొంతన లేదనిపించవచ్చు. మాకు మాత్రం ఒకే సూత్రం కనపడుతోంది. దళితుడి ఒళ్ళు ఎక్కడ ఉండాలో, ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో ఇంకొకడు తేలుస్తాడు. చట్టం అడిగే 'అవసరమా?' అన్న ప్రశ్న రెండు చోట్లా ఎవరూ వేసుకోలేదు. సాంఘిక సంక్షేమం కింద హాస్టలు కట్టించి, పోలీసు శాఖను మాత్రం 1816లోనే వదిలేస్తే ఇట్లాగే ఉంటుంది.

ఏ ప్రభుత్వమైనా అదే తాడు

ఇది ఒక పార్టీ జబ్బు అనుకునేవాళ్ళ కోసం 2020ని గుర్తు చెయ్యాలి. ఆ ఏడాది మే 16న విశాఖపట్నంలో డాక్టర్ సుధాకర్‌ను, ప్రభుత్వ మత్తు డాక్టరు, దళితుడు, చొక్కా లేకుండా చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టి రోడ్డు మీద పడేశారు. కానిస్టేబుల్ లాఠీతో కొట్టటం కూడా వీడియోలో ఉంది. మాస్కులు చాలటం లేదన్నందుకు అంతకుముందే ఆయన్ను సస్పెండు చేసి ఉన్నారు. తాగి గొడవ చేశాడని పోలీసులు అన్నారు. ఉన్నాడే అనుకుందాం. తాగినవాడిని ఆస్పత్రికి తీసుకుపోవటానికి పెడరెక్కలు విరిచి కట్టాల్సిన పనేంటి? హైకోర్టు మే 22న సిబిఐ విచారణకు ఆదేశించింది. సరిగ్గా ఏడాదికి, 2021 మే 21న ఆయన గుండెపోటుతో పోయాడు.

అదే 2020 జులైలో చీరాలలో మాస్కు లేదని ఆపిన దళిత యువకుడు గాయాలతో గుంటూరు ఆస్పత్రిలో చనిపోయాడు. కొట్టి చంపారని కుటుంబం, జీపులోంచి దూకాడని పోలీసులు. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలోనే ఉంది. ఆ వారంలోనే తూర్పుగోదావరి సీతానగరం స్టేషనులో ఒక దళిత యువకుడికి గుండు కొట్టించారు. గుండు కొట్టటానికీ పారిపోకుండా ఆపటానికీ ఏం సంబంధం?

విశాఖ సంగతి హైకోర్టు దృష్టికి పోయింది అప్పటి ప్రతిపక్ష నాయకురాలు వంగలపూడి అనిత రాసిన ఉత్తరంతో. తెనాలి వీడియో వచ్చేనాటికి ఆమె రాష్ట్ర హోంమంత్రి. విశాఖ, చీరాల, సీతానగరం జరిగినప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్న జగన్‌మోహన్ రెడ్డి 2025 జూన్‌లో తెనాలి వచ్చి ఆ కుటుంబాలను పరామర్శించాడు. కుర్చీలు మారాయి, ఉత్తరాలు రాసేవాళ్ళూ పరామర్శించేవాళ్ళూ మారారు, తాడూ లాఠీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

ఒంటికి ఏమవుతుంది

కార్యకర్తలు ఇది తెలుసుకోవటం అవసరం, ఎందుకంటే డాక్టరు ముందు ఏం అడగాలో దీన్ని బట్టే తెలుస్తుంది.

మనిషిని బోర్లా పడేసి, చేతులు వెనక్కి కట్టి, వీపు మీదో మెడ మీదో మోకాలు పెడితే ఊపిరి తీసుకోవటానికి పక్కటెముకలు లేవవు, పొట్ట కదలదు. ఊపిరాడక కొట్టుకుంటుంటే 'ఎదురుతిరుగుతున్నాడు' అని ఇంకా నొక్కుతారు. 2020 మే 25న అమెరికాలో మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ తొమ్మిది నిమిషాలకు పైగా అట్లా నొక్కివుంచితే చనిపోయాడు. ఆ పోలీసు అధికారికి 2021లో శిక్షపడింది. మాట్లాడగలుగుతున్నాడు గనక ఊపిరి ఆడుతున్నట్టే అనుకోవటం ఉత్త భ్రమ. పట్టు దొరకగానే మనిషిని పక్కకు తిప్పి కూర్చోబెట్టాలి. ఇక తాడుగానీ బేడీగానీ మణికట్టు దగ్గర బిగిస్తే బొటనవేలి వైపు తిమ్మిరి పట్టి వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి పోదు. కూలిపని చేసుకునేవాడికి అదే పెద్ద శిక్ష.

అరికాళ్ళ మీద కొట్టటం వేరే విద్య. దానికి ప్రపంచమంతటా ఫలక అని పేరుంది, హింస గుర్తులను పరీక్షించే ఇస్తాంబుల్ ప్రొటోకాల్‌లో దీని గురించి ప్రత్యేకంగా రాశారు. అరికాలి చర్మం మందం, పైకి పుండు పడదు. లోపల వాచి, కాలు నేల మీద మోపలేరు. కొద్దిరోజుల్లో వాపు దిగిపోతుంది. మడమ కింద ఉండే మెత్త చితికితే నడిచినప్పుడల్లా నొప్పి ఏళ్ళ తరబడి ఉంటుంది. అంటే నొప్పి ఎక్కువ, సాక్ష్యం తక్కువ. అందుకే అరికాళ్ళు.

కాగితాలు ఎక్కడ అడగాలి

మా ఇళ్ళల్లో మొదట యూనివర్సిటీ మెట్లెక్కింది మేమే గనక, వాడలో ఎవర్ని స్టేషనుకు తీసుకుపోయినా కాగితం చదివిపెట్టమని మా దగ్గరికే వస్తారు. ఇట్లాంటి పరిస్థితి ఈ పత్రిక చదివే చాలామందిది. అందుకని రెండు మూడు విషయాలు కాస్త నిదానంగా.

1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు పదకొండు సూచనలు ఇచ్చింది. అరెస్టు మెమో సంగతి అందరికీ తెలుసు. అరెస్టు తేదీ, టైము ఉండాలి, ఇంట్లోవాళ్ళో ఊళ్ళో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, అరెస్టయినవాడూ పెట్టాలి. ఎవరూ అడగనిది ఇంకొకటుంది. ఇన్‌స్పెక్షన్ మెమో. అరెస్టయినవాడు అడిగితే అప్పటికప్పుడు ఒంటి మీద ఉన్న పెద్ద, చిన్న దెబ్బలన్నీ రాసి, పోలీసూ అతనూ సంతకం పెట్టి, ఒక కాపీ అతనికి ఇవ్వాలి. అడిగితేనే. అడగాలని తెలిసినవాడు ఎంతమంది? మెమో రాశాక కొత్త దెబ్బ కనపడితే అది స్టేషనులో తగిలిందేనని చెప్పటానికి ఈ కాగితం ఒక్కటే ఆధారం. కస్టడీలో ఉన్నన్నాళ్ళూ 48 గంటలకోసారి డాక్టరు చూడాలన్నది కూడా ఆ తీర్పులోనే ఉంది.

అరెస్టయ్యాక డాక్టరు పరీక్ష కొత్త సంహిత 53వ సెక్షన్ కింద తప్పనిసరి. దెబ్బలున్నాయా, ఎప్పుడు తగిలినట్టున్నాయి అన్నది డాక్టరు రాయాలి, కాపీ అరెస్టయినవాడికో అతను చెప్పిన మనిషికో ఇవ్వాలి. ఆస్పత్రుల్లో జరిగేది వేరు. పోలీసు పక్కనే నిలబడి ఉంటాడు, డాక్టరు చీటీ మీద 'గాయాలు లేవు' అని రాసి పంపేస్తాడు. చెప్పులు విప్పి అరికాళ్ళు చూడమని, నాలుగడుగులు నడిపించి చూడమని అడగాలి. బంధువులు బయట వరండాలో ఉండి గట్టిగా అడిగినా చాలు, చాలాసార్లు డాక్టరు చూస్తాడు.

ఆ తర్వాత మేజిస్ట్రేటు. రిమాండు ఇచ్చేముందు 'పోలీసులు ఏమైనా చేశారా?' అని అడగటం ఆనవాయితీ. తలూపి లేదంటారు. వెనక నిలబడ్డ మనిషి మళ్ళీ స్టేషనుకు తీసుకుపోతాడన్న భయం. అందుకే అక్కడ వకీలు ఉండాలి. 38వ సెక్షన్ కింద విచారణ జరిగేటప్పుడు వకీలును కలుసుకునే హక్కుంది. డబ్బుల్లేకపోతే న్యాయసేవా సంస్థ ఇవ్వాలి. తెనాలి విషయంలో కొట్టటానికీ వీడియో బయటపడటానికీ మధ్య నెల గడిచింది. డాక్టరు, మేజిస్ట్రేటు, జైలు - చట్టం కట్టిన ఈ మెట్లలో ఏదీ ఆ అరికాళ్ళ సంగతిని లోకం ముందుకు తేలేదు. ఒక సెల్‌ఫోను తెచ్చింది.

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషనులోనూ లాకప్పులు, వరండాలు అన్నిటికీ సిసి కెమెరాలు పెట్టాలని, ఏడాదికి తక్కువ కాకుండా రికార్డింగు దాచాలని సుప్రీంకోర్టు చెప్పింది. తీసుకుపోయారని తెలిసిన రోజే, ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా రికార్డింగు చెరిపెయ్యొద్దని ఎస్పీకి ఒక అర్జీ రిజిస్టరు పోస్టులో పెట్టాలి. పెడితే పని జరుగుతుందని మేము పూచీ ఇవ్వలేం, కానీ చెరిగిపోయాక అడిగినదానికీ ముందే అడిగినదానికీ కోర్టులో చాలా తేడా ఉంటుంది.

కేసు పెట్టేటప్పుడు సెక్షన్లు కూడా చూసి రాయించాలి. ఒప్పించటానికో సమాచారం రాబట్టటానికో కొట్టితే న్యాయ సంహిత 120వ సెక్షన్. గుండు కొట్టటం, బట్టలు విప్పటం వంటి అవమానాలకు ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 3(1)(ఇ), ఇది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. చేసింది ప్రభుత్వోద్యోగి అయితే 3(2)(vii) కింద ఏడాదికి తక్కువ కాని శిక్ష. ఫిర్యాదు తీసుకోకపోవటం, బుద్ధిపూర్వకంగా డ్యూటీ చెయ్యకపోవటం 4వ సెక్షన్. చుండూరు లాంటి చోట పారిపొమ్మన్న చేతుల మీద పెట్టాల్సింది ఆ 4వ సెక్షనే. హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందం మీద భారతదేశం 1997లో సంతకం పెట్టింది, ఆమోదించలేదు. 2017లో లా కమిషన్ ఆమోదించమని, హింసను నేరం చేస్తూ ప్రత్యేక చట్టం తెమ్మని రిపోర్టు ఇచ్చింది. ఆ చట్టం రాలేదు గనక ఉన్న సెక్షన్లతోనే పోరాడాలి.

వీటన్నిటిలోనూ టైము ముఖ్యం. అరికాళ్ళ వాపు కోర్టు వాయిదా దాకా ఆగదు. మెమో మొదటి గంటలో, డాక్టరు పరీక్ష మొదటి రోజున, ఫొటో తీసే వీలుంటే తేదీ పడేటట్టు అదే రోజున, మేజిస్ట్రేటుకు రాతమూలకంగా ఫిర్యాదు మొదటి రిమాండులోనే పడాలి. రెండో రిమాండులో చెప్తే 'అప్పుడెందుకు చెప్పలేదు?' అని అడుగుతారు.